పాత వాషింగ్ మెషీన్ మొరాయిస్తే: బెంగళూరు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఎనిమిది, పదేళ్లు నడిచి వారంటీ ఎప్పుడో అయిపోయిన మెషీన్ల కోసం ఈ పేజీ. సెమీ ఆటోమేటిక్, టాప్ లోడ్, ఫ్రంట్ లోడ్ మూడింటి సంగతీ ఉంది. "మోటారు పోయిందండీ", "బోర్డు పోయిందండీ" అని తేల్చేసిన మెషీన్లలో చాలావాటి అసలు జబ్బు కెపాసిటరో, బెల్టో, డ్రెయిన్‌లో ఇరుక్కున్న రూపాయి బిళ్లో అయ్యుంటుంది. కాబట్టి ముందు కొలవండి, ఆ తర్వాతే పార్టు కొనండి.

విప్పే ముందు ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?

స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకేయాలి. పాత ఇళ్లలో స్విచ్ ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద ఉండటం మామూలే. అలాంటిచోట స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది. కుళాయి కట్టేసి, టబ్‌లో నీళ్లు పూర్తిగా వదిలేయండి. వైరు ఊడదీసే ప్రతిసారీ ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. రేకు అంచులు బ్లేడులా కోస్తాయి కనుక చేతికి గ్లవ్స్ ఉండాలి. ఫ్రంట్ లోడ్ లోపల కాంక్రీటు దిమ్మలు ఉంటాయి, మొత్తం బరువు 60, 70 కిలోలు తూగుతుంది. ఒక్కరే దాన్ని వంచే ప్రయత్నం చేయొద్దు.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. కెపాసిటర్ కొలిచే మల్టీమీటర్, స్టార్ స్క్రూడ్రైవర్, 8, 10 నంబర్ల స్పానర్లు, కటింగ్ ప్లేయర్ ఉంటే సగం పనులు అయిపోతాయి.

"హుమ్మ్" అని మూలుగుతోంది గానీ తిరగడం లేదు. మోటారు కాలిపోయినట్టేనా?

దాదాపుగా కాదు. కాలిన మోటారు సాధారణంగా మూలగదు. వాసన కొడుతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది, లేదంటే చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. మూలుగు వినిపిస్తోందంటే వైండింగ్‌కు, అంటే మోటారు లోపలి తీగ చుట్టకు, కరెంటు అందుతోంది, మొదటి నెట్టుడు మాత్రం అందడం లేదు. సెమీ ఆటోమేటిక్‌లోనూ, బెల్టుతో నడిచే పాత టాప్ లోడ్‌లోనూ ఆ నెట్టుడు ఇచ్చేది కెపాసిటర్.

గుర్తుపట్టడం ఇలా. వాష్ టబ్ ఖాళీగా ఉన్నప్పుడు టైమర్ తిప్పండి. మూలుగు మొదలవగానే పొడుగాటి కర్రతో పల్సేటర్‌ను, అంటే టబ్ అడుగున తిరిగే ప్లాస్టిక్ చక్రాన్ని, కొంచెం నెట్టండి. చెయ్యి మాత్రం పెట్టకండి. నెట్టిన వైపుకే అది తిరగడం మొదలుపెడితే కెపాసిటర్ నీరసించిందని దాదాపు ఖాయం. నెట్టినా కదలకుండా బిగుసుకుపోయి ఉంటే ప్లగ్ పీకి, బెల్టు తీసి, మోటారు పుల్లీనీ పల్సేటర్‌నూ విడివిడిగా చేత్తో తిప్పి చూడండి. బిగుసుకున్నది ఏదో అక్కడే తేలిపోతుంది.

తీసే ముందు కెపాసిటర్‌లో మిగిలిన కరెంటును వదిలించాలి. రెండు కొసల మధ్య 10 కిలో ఓంల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న ప్లేయర్‌తో పట్టుకుని కొన్ని సెకన్లు ఆనించండి. స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల కొసలు కాలతాయి, కళ్లలో నిప్పురవ్వ పడే ప్రమాదమూ ఉంటుంది. ఆ తర్వాత మీటర్‌తో కొలవండి. డబ్బా మీద 10 మైక్రోఫారడ్, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని ఉంటే 9.5కీ 10.5కీ మధ్య చూపించాలి. 8 చూపించినా మెషీన్ ఖాళీగా తిరుగుతుంది, బట్టలు వేస్తే ఆగిపోతుంది. కొత్తది అదే మైక్రోఫారడ్‌ది కావాలి. వోల్టేజీ మాత్రం పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. "పెద్దది వేస్తే ఇంకా బాగా తిరుగుతుంది" అని ఎవరైనా చెబితే వినకండి, వైండింగ్ వేడెక్కి పోతుంది. కొన్ని సెమీ ఆటోమేటిక్‌లలో వాష్, స్పిన్ రెండింటి కెపాసిటర్లూ ఒకే డబ్బాలో మూడు వైర్లతో ఉంటాయి. అందులో ఒక భాగం పోయినా డబ్బా మొత్తం మార్చాల్సిందే.

కెపాసిటర్ బాగానే ఉంటే అప్పుడు మోటారు సంగతి చూద్దాం. వాష్ మోటారుకు మూడు వైర్లు. కామన్ నుంచి, అంటే రెండు చుట్టలకూ ఉమ్మడిగా ఉండే వైరు నుంచి, మిగతా రెండింటికీ ఓంలు ఇంచుమించు సమానంగా, ఆ రెండింటి మధ్య దానికి రెట్టింపు చూపించాలి. ఒకవైపు 20, రెండోవైపు 12 వచ్చిందంటే వైండింగ్ లోపల షార్టయింది, రివైండింగ్‌కు ఇవ్వాల్సిందే.

మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, బట్టలు మాత్రం కదలడం లేదు.

రెండు అనుమానాలు. మొదటిది బెల్టు. వెనక మూత తీసి చూస్తే కింద నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది, కాలిన వాసనా వస్తుంది. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే బెల్టు ఒక సెంటీమీటరు లోతు దిగాలి. అంతకన్నా వదులుంటే మోటారు బోల్టులు వదులు చేసి, మోటారును కాస్త వెనక్కి జరిపి బిగించొచ్చు. పగుళ్లు కనిపిస్తే జరపడం అనవసరం, కొత్తది వేయండి. బెల్టు మీద అచ్చైన నంబర్ చెరిగిపోకముందే రాసిపెట్టుకుంటే మంచిది.

రెండోది పల్సేటర్ పళ్లు. ఖాళీగా ఉన్నప్పుడు తిరిగి, నీళ్లూ బట్టలూ పడగానే జారిపోతుంటే అనుమానం ఇక్కడే. మధ్యలో ఉన్న స్క్రూ తీసి పల్సేటర్ పైకి లాగాలి. పదేళ్ల సబ్బు పాకుడు పట్టేసి రాకపోతే చుట్టూ వేడినీళ్లు పోసి పావుగంట ఆగండి. మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ వంగుతుంది. రెండు పక్కలా గట్టి తాడు దూర్చి తిన్నగా పైకి లాగితే వచ్చేస్తుంది. కింద బొత్తాలు, హెయిర్ పిన్నులు, బ్లౌజు హుక్కులు, రూపాయి బిళ్లలు, బూడిదరంగు నూలు పీచు ముద్ద కనిపిస్తాయి. ఇప్పుడు పల్సేటర్ తిరగేసి మధ్య రంధ్రంలో వేలు పెట్టండి. పళ్లు వేలికి గుచ్చుకుంటే పర్లేదు, నున్నగా తగిలితే అరిగిపోయినట్టు. షాఫ్టు లోహం కనుక అది మిగులుతుంది, ప్లాస్టిక్ పల్సేటర్ మారిస్తే చాలు. కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. పైకి ఒకేలా కనిపించేవాటికి కూడా పళ్ల లెక్క వేరుగా ఉంటుంది.

సెమీ ఆటోమేటిక్‌లో డ్రయర్ తిరగడం లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మూత నుంచి. మూత వేసినప్పుడు రెండు పనులు జరగాలి. ఒక చిన్న స్విచ్ కలవాలి, బ్రేకు వైరు లాగి బ్రేకు వదలాలి. స్విచ్ కొసలు నల్లగా కాలి ఉంటే సన్నటి గరుకు కాగితంతో రుద్దండి. మళ్లీ కొన్నాళ్లకు అదే తిరిగొస్తే స్విచ్ మార్చేయండి. బ్రేకు చూడటానికి ప్లగ్ పీకి, వెనక మూత తీసి, ఒకరు పైమూత వేసి పట్టుకోగా మీరు కింద స్పిన్ మోటారునూ టబ్ షాఫ్టునూ కలిపే కప్లింగ్‌ను చేత్తో తిప్పండి. సులువుగా తిరగాలి. మూత తెరిస్తే బిర్రుగా పట్టేయాలి. మూత వేసినా పట్టేసే ఉంటే వైరు సాగిందన్నమాట, బిగించుకోవచ్చు.

బ్రేకు వదిలినా గరగరమంటూ కష్టంగా తిరిగితే స్పిన్ టబ్ షాఫ్టు చుట్టూ ఉండే ముడతల రబ్బరు సీలు చూడండి. అది చిరిగితే నీళ్లు చుక్కలు చుక్కలుగా నేరుగా స్పిన్ మోటారు మీద పడతాయి. మోటారు బుష్‌లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. సీలు చవక, మోటారు చవక కాదు. మోటారు నెత్తిన తుప్పు వలయం కనిపించిన రోజే సీలు మార్చేస్తే సరి.

టాప్ లోడ్ ఉతికాక స్పిన్ దగ్గర ఆగిపోతోంది. నీళ్లు కూడా పోవడం లేదు.

ఆ రెండూ ఒకే జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ. చాలా టాప్ లోడ్‌లలో ఒకే చిన్న డ్రెయిన్ మోటారు అటు డ్రెయిన్ వాల్వునూ, ఇటు ఉతుకుడు నుంచి స్పిన్‌కు మార్చే క్లచ్ మీటనూ కలిపి లాగుతుంది. వాల్వులో సాక్సో నాణెమో అడ్డుపడితే లాగుడు పూర్తవదు, క్లచ్ మారదు, నీటి మట్టం తగ్గలేదు గనుక బోర్డు స్పిన్‌కు ఒప్పుకోదు. మెషీన్‌ను స్పిన్‌లో పెట్టి కింది నుంచి టార్చి వేసి చూడండి. డ్రెయిన్ మోటారు లాగే పట్టీ కదలకపోతే ఆ మోటారుకు కరెంటు వస్తోందో లేదో కొలవాలి. కరెంటు వచ్చినా కదలకపోతే మోటారు పోయింది, రాకపోతే అనుమానం వైరు మీదకో బోర్డు మీదకో పోవాలి. పట్టీ కదిలినా నీళ్లు పోకపోతే వాల్వు విప్పి లోపలి రబ్బరు శుభ్రం చేయండి.

నీళ్లు పూర్తిగా పోయి కూడా టబ్ తిరగకపోతే క్లచ్ లోపలి స్ప్రింగు అరిగిందేమో చూడాలి. అది గేర్ బాక్స్ దించే పని, ఇంట్లో మొదటిసారి చేయదగ్గది కాదు.

స్పిన్‌లో దడదడ బాదుకుంటూ గదంతా నడుస్తోంది.

ముందుగా నాలుగు కాళ్లూ నేలకు ఆనుతున్నాయా చూడండి. ఎదురెదురు మూలలు నొక్కితే ఊగకూడదు. ఒక్క దుప్పటి వేసి స్పిన్ పెట్టడం కూడా మానండి, ఒకపక్క ముద్దకట్టి ఏ మెషీన్‌నైనా ఎగరేస్తుంది.

అప్పటికీ తగ్గకపోతే టాప్ లోడ్‌లో టబ్‌ను వేలాడదీసే సస్పెన్షన్ రాడ్లు చూడాలి. ఖాళీ టబ్‌ను రెండు చేతులా అరచెయ్యంత లోతుకు నొక్కి వదలండి. ఒక్కసారి లేచి ఆగితే బాగున్నట్టు. రెండు మూడుసార్లు ఊయలలా ఊగితే రాడ్ల కింది డాంపర్లు అరిగాయి. నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒక్కటే కొత్తది వేస్తే టబ్ ఆ మూలకు ఎత్తుగా నిలుస్తుంది. ముందు రెండు, వెనక రెండు వేరే పొడవో వేరే రంగో ఉండొచ్చు, తీసేటప్పుడు గుర్తు పెట్టుకోండి. ఫ్రంట్ లోడ్‌లో అయితే కింద ఉండే షాక్ అబ్జార్బర్లను విప్పి చేత్తో లాగి చూడాలి. సైకిలు పంపులా గట్టిగా కదలాలి, సులువుగా జారిపోతే మార్చాలి.

ఇల్లు మారాక మొదలైన గోల అయితే రవాణాలో డ్రమ్ము ఊగకుండా వెనక బిగించే బోల్టులు తీశారో లేదో చూడండి. ప్యాకర్లు బిగించి, ఇక్కడ ఎవరూ తీయకుండా వదిలేసిన మెషీన్లు బెంగళూరులో తక్కువేం లేవు.

ఫ్రంట్ లోడ్ స్పిన్‌లో విమానం లేస్తున్నట్టు మోగుతోంది. బేరింగులేనా?

పరీక్ష తేలిక. తలుపు తీసి డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకీ కిందకీ కదపండి. బయటి టబ్‌తో కలిసి మొత్తం కదిలితే అది స్ప్రింగుల ఊగుడు. లోపలి డ్రమ్ము ఒక్కటే టకటకమని ఆడితే బేరింగులు పోయాయి. చేత్తో తిప్పితే రాళ్లు నలుగుతున్నట్టు గరగర వినిపిస్తుంది. వెనక మూత తీస్తే పుల్లీ వెనక నుంచి టబ్ మీదకు గోధుమరంగు చార కారి ఉంటుంది. కథంతా ఆ చారలోనే ఉంది. ముందు ఆయిల్ సీలు అరిగింది, నీళ్లు లోపలికి వెళ్లాయి, గ్రీజు కొట్టుకుపోయింది, గుండ్లు తుప్పుపట్టాయి. అందుకే బేరింగులు మార్చి పాత సీలే ఉంచితే కొన్ని నెలల్లో మళ్లీ అదే మోత.

సైజు ఊహించకండి, బేరింగు పక్కనే నంబర్ చెక్కి ఉంటుంది. 6204 అంటే లోపలి వ్యాసం 20, బయటిది 47, మందం 14 మిల్లీమీటర్లు. 6205 అంటే 25, 52, 15. 6206 అంటే 30, 62, 16. సాధారణంగా పెద్దది డ్రమ్ము వైపు, చిన్నది పుల్లీ వైపు ఉంటాయి. నంబర్ పక్కన టూ ఆర్‌ఎస్ అని ఉన్నవి, అంటే రెండువైపులా రబ్బరు మూత ఉన్నవి తీసుకోండి. రేకు మూతవి ఇక్కడ పనికిరావు.

మొదటిసారి చేసేవారికి ఒక రోజు పని. పైమూత, సబ్బు డ్రాయరు, ముందు ప్యానెల్, గాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు), కాంక్రీటు దిమ్మలు, హీటరు వైర్లు, పైపులు, మోటారు, ఈ వరసలో విప్పి టబ్‌ను బయటికి దించాలి. టబ్ రెండు ముక్కలై చుట్టూ స్క్రూలుంటే అదృష్టవంతులు. అతుకు వేసిన టబ్ అయితే ఇంట్లో చేసే పని కాదు. కొందరు కోసి, మళ్లీ స్క్రూలు, సిలికాన్‌తో బిగిస్తారు. ఎక్కడ కారుతుందో చెప్పలేం.

పుల్లీ కదలకుండా చెక్క ముక్క అడ్డుపెట్టి మధ్య బోల్టు విప్పండి. పుల్లీ తీశాక ఆ బోల్టునే మళ్లీ సగం బిగించి, దానిమీద చెక్క ఆనించి సుత్తితో కొడితే షాఫ్టు డ్రమ్ము వైపుకు జారుతుంది. బోల్టు లేకుండా కొడితే మరలు చితికి స్పైడర్, అంటే షాఫ్టుతో పాటు డ్రమ్ము వెనక ఉండే మూడు చేతుల భాగం, మొత్తం దండగ. పాత సీలు స్క్రూడ్రైవర్‌తో ఎత్తేయండి. బేరింగులను ఇత్తడి కడ్డీతో ఎదురువైపు నుంచి, ఒకేచోట కాకుండా చుట్టూ తిప్పుతూ కొట్టి తీయాలి. కొత్తవాటిని కవరులో చుట్టి ముందురాత్రి ఫ్రీజరులో పెడితే వెంట్రుకవాసి కుంచించుకుంటాయి, సులువుగా కూర్చుంటాయి. దించేటప్పుడు దెబ్బ బయటి వలయం మీదే పడాలి. పాత బేరింగును పైన పెట్టి కొట్టడం మంచి ఉపాయం. చప్పుడు డొల్లగా ఉన్నంతసేపు ఇంకా దిగాలి, గట్టిగా ఖణేల్‌మంటే అడుగుకు చేరినట్టు. సీలు పెదవికి నీళ్లకు కరగని సిలికాన్ గ్రీజు రాయండి. బండి గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోవచ్చు.

సీలు ఆనే చోట షాఫ్టు మీద గోరు గీసి చూడండి. గోరు గాడిలో ఆగితే కొత్త సీలు కూడా కారుతుంది.

స్పైడర్ విరిగిందని అంటున్నారు. అదేంటి?

డ్రమ్ము వెనక మూడు చేతులతో ఉండే అల్యూమినియం మిశ్రమ లోహపు భాగం. స్టీలు డ్రమ్ముకు బిగించి ఉండటం వల్ల, సబ్బునీళ్ల క్షారం వల్ల తినేసి బూడిదరంగు పొడిగా రాలుతుంది. ఉప్పునీళ్లలో నురగ రాదని జనం సబ్బు ఇంకాస్త గుమ్మరిస్తారు, ఆ మడ్డి సరిగ్గా స్పైడర్ మీదే పేరుకుంటుంది. డ్రమ్ము తిప్పితే వంకరగా ఆడుతూ ఒకచోట గాస్కెట్‌కు రాసుకుంటుంటే స్పైడర్ పగిలినట్టే. అప్పటినుంచి స్పిన్ పెట్టొద్దు, విరిగిన చెయ్యి టబ్‌ను చీల్చేస్తుంది.

బోరు నీళ్లకు ఏం చేయాలి?

మహదేవపుర, కేఆర్ పురం, బొమ్మనహళ్లి వైపు నగరంలో కలిసిన 110 గ్రామాల పరిధికి కావేరీ నీటి పథకం అయిదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. అంతకుముందు కొన్న మెషీన్లు చాలావరకు బోరు, ట్యాంకరు నీళ్ల మీదే బతికాయి. తాగునీటి కఠినత్వానికి, అంటే అందులో కరిగిన సున్నపు లవణాలకు, భారత ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు. హీటరు మీద తెల్లటి పెచ్చు కట్టేది ఈ సున్నమే.

ఫ్రంట్ లోడ్‌లో మూడు నాలుగు నెలలకోసారి 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) డ్రమ్ములో వేసి, బట్టలు లేకుండా 60 డిగ్రీల వద్ద తిప్పండి. హీటరు లేని టాప్ లోడ్‌కు బకెట్ వేడినీళ్లలో కరిగించి పోసి, ఒక గంట నాననిచ్చి వదిలేయండి. నెలనెలా చేయకండి, ఆ పులుపు స్పైడర్‌నూ తింటుంది. బ్లీచింగ్ పౌడరూ నిమ్మ ఉప్పూ ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది.

నీళ్లు సన్నగా వస్తున్నాయి. ఒక్కోసారి ఆగకుండా వస్తూనే ఉంటాయి.

సన్నగా వస్తే ఇన్‌లెట్ పైపు విప్పి, వాల్వు మూతిలో ఉన్న చిన్న జాలీ ప్లేయర్‌తో లాగి కడగండి. ట్యాంకరు నీళ్ల ఇసుక అక్కడ ముద్దగా ఉంటుంది. జాలీ శుభ్రంగా ఉండి కూడా రాకపోతే లెక్క వేయండి. ట్యాంకు నుంచి కుళాయి దాకా ప్రతి మీటరు ఎత్తుకూ దాదాపు 0.1 బార్ ఒత్తిడి. పై అంతస్తులో మూడు మీటర్ల ఎత్తే ఉంటే 0.3 బార్, చాలా వాల్వులకు అది బొటాబొటి. వాల్వు మార్చినా ఉపయోగం ఉండదు, చిన్న బూస్టరు పంపు కావాలి. వాల్వు కాయిల్ సుమారు 4 కిలో ఓంలు చూపించాలి.

ఆగకుండా వస్తే ప్లగ్ పీకి చూడండి. కరెంటు లేకున్నా నీళ్లు కారుతుంటే వాల్వులో చెత్త చేరింది. కరెంటు ఉన్నప్పుడే వస్తే నీటిమట్టం చూసే ప్రెషర్ స్విచ్, దానికి వెళ్లే సన్నటి గొట్టం చూడాలి. గొట్టం చిల్లిపడినా, టబ్ వైపు కొస సబ్బుతో పూడినా మెషీన్‌కు నిండిన సంగతి తెలియదు. పాతరకం స్విచ్ అయితే గొట్టంలోకి మెల్లగా ఊదితే టిక్కుమనాలి. పంపు ఉన్న మెషీన్ డ్రెయిన్ పైపు నేలమీద పడేసినా ఇదే తంతు, పట్టిన నీళ్లు పట్టినట్టే జారిపోతాయి. కొస రెండు మూడు అడుగుల ఎత్తున ఉండాలి.

ముట్టుకుంటే జుమ్మంటోంది. ఫ్రంట్ లోడ్ ఎంసీబీ పడేస్తోంది.

వాడకం వెంటనే ఆపండి. ముందు సాకెట్ చూడాలి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు ఫేజు, న్యూట్రల్ మధ్య ఉన్నంత వోల్టేజీ రావాలి. రాకపోతే ఎర్తు లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్తు లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఈ మెషీన్లు నడపకూడదు. తర్వాత హీటరు వైర్లు తీసి రెండు కొసల మధ్య కొలిస్తే 2000 వాట్ల హీటరుకు 26 ఓంల చుట్టుపక్కల రావాలి. ఏ కొసకూ ఎర్తుకూ మధ్య కలయిక ఉండకూడదు. ఉంటే హీటరు తొడుగు పగిలింది. హీటరు సరిగానే ఉంటే ఎలుక కొరికిన వైరు కోసం వెతకండి. అడుగున సన్నటి ఇనుప జాలీ బిగిస్తే అవి మళ్లీ రావు.

పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

కెపాసిటర్లు, స్విచ్‌లు, బోర్డు రిపేర్లకు ఎస్పీ రోడ్డు. బేరింగులు, సీళ్లు, బెల్టులకు దగ్గర్లోనే ఉన్న ఎస్‌జేపీ రోడ్డు. బేరింగు మెషీన్ పార్టుల కొట్టులో కన్నా బేరింగుల కొట్టులో తీసుకోవడం నయం, నకిలీల బెడద తగ్గుతుంది. కన్నడం రాకపోయినా పర్లేదు, పాత పార్టు కౌంటరు మీద పెడితే మిగతాది వాళ్లే చూసుకుంటారు. ఆదివారం చాలా కొట్లు మూసి ఉంటాయి.

ఎప్పుడు వదిలేయాలి?

సెమీ ఆటోమేటిక్‌ను బాడీ అడుగు తుప్పుపట్టి ఊడేదాకా బాగుచేసుకోవచ్చు, పార్టులన్నీ చవక. టాప్ లోడ్‌లో గేర్ బాక్సూ బోర్డూ రెండూ పోతే ఆలోచించాలి. ఫ్రంట్ లోడ్‌లో అతుకు టబ్ ఉండి బేరింగూ స్పైడరూ కలిసి పోతే మేమైతే ఆపేస్తాం. తూకానికి వేసే ముందు డ్రెయిన్ పంపు, ఇన్‌లెట్ వాల్వు, డోర్ లాక్ విప్పి ఉంచుకోండి. అదే మోడల్ ఉన్న పక్కింటివాళ్లకు ఏదో రోజు అవసరం పడతాయి.